కొండ కింద సముందర్: తిరుపతి తీరపు ఇసుకలో దాగిన తవారీఖ్

తిరుపతి అనగానే ఎవరికైనా కొండ గుర్తొస్తుంది. ఏడుకొండలు, అలిపిరి మెట్లు, తలనీలాలు, లడ్డూ. సముందర్ మాత్రం గుర్తుకు రాదు. కాని 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు ఒక వింత జరిగింది. అప్పటిదాకా నెల్లూరు జిల్లాలో ఉన్న గూడూరు, సూళ్లూరుపేట ప్రాంతాలు తిరుపతి జిల్లాలోకి వచ్చాయి. ఒక సర్కారీ కాగితంతో కొండ జిల్లాకు సాహిల్ దక్కింది. సాహిల్ అంటే సముద్రతీరం. అప్పటి నుంచి ఆదివారం వస్తే తిరుపతి కుర్రాళ్లు బైకులు తీసి తూపిలిపాలెం పోతున్నారు. "మనకూ బీచ్ ఉంది" అని ఫొటోలు పెడుతున్నారు.

వాళ్ల ఖుషీ నాకు నచ్చింది. అయితే ఈ రిష్తా 2022లో మొదలైంది కాదు. చంద్రగిరి దగ్గర కొండల్లో పుట్టే స్వర్ణముఖి తిరుపతిని ఒరుసుకుంటూ, శ్రీకాళహస్తి గుడి పక్క నుంచి, నాయుడుపేట మీదుగా వాకాడు వైపు వెళ్లి బంగాళాఖాతంలో కలుస్తుంది. అంటే శేషాచలం వాన, శేషాచలం రాయి అరిగి ఇసుకగా మారి, వేల ఏళ్లుగా ఆ తీరానికి చేరుతూనే ఉన్నాయి. నక్షాలో గీత ఇప్పుడు గీశారు. నది ఎప్పుడో గీసింది.

ఆ తీరంలో నాలుగు చోట్ల గురించి చెప్పాలని ఈ వ్యాసం. నాలుగూ నాలుగు రకాలు. ఒకటి నది ఒడ్డు దాటితే వచ్చే బీచ్. ఒకటి పాతబడిన రేవు. ఒకటి సరస్సు మూతి దగ్గరి ఊరు. ఒకటి ఇజాజత్ లేకుండా అడుగు పెట్టలేని దీవి. నాలుగూ ఒకప్పుడు దర్వాజాలే. దునియా వాటిలోంచి లోపలికి వచ్చింది, మన మనుషులు వాటిలోంచి బయటికి పోయారు. ఎవరు తెరిచారో, ఎవరు మూశారో కితాబుల్లో ఉంది. ఆ గుమ్మాల్లో బతికినవాళ్ల సంగతే రాసిపెట్టినవాళ్లు తక్కువ.

లంగరు వేయడానికి చోటు లేని తీరం

ముందు ఒక మాట అర్థం చేసుకోవాలి. మన తూర్పుతీరంలో ఈ భాగానికి సహజమైన హార్బర్ లేదు. ముంబయిలోలా కొండలు చేతులు చాచి నీళ్లను కాపాడవు. బల్లపరుపు నేల, నిలువుగా పొడవైన ఇసుక, ఒడ్డుకు దగ్గరలోనే విరిగే అలలు. పాత జమానాలో పెద్ద జహాజ్ ఏదీ ఒడ్డుకు రాలేదు. దూరంగా నీళ్లలో లంగరు వేసుకుని నిలబడేది. అక్కడి నుంచి సరుకునీ మనుషుల్నీ తెచ్చేది మసూలా పడవ. ఆ పడవకు ఇనుప మేకులు ఉండవు. చెక్కల్ని కొబ్బరి పీచు తాడుతో కుట్టేవాళ్లు. అల వచ్చి కొడితే చెక్క విరగదు, వంగి లేస్తుంది. మేకులు కొట్టిన ఫిరంగీ పడవలు ఆ అలల్లో నిలవలేక, చివరికి దొరలు కూడా మన జాలరి కుట్టిన పడవలోనే తడుస్తూ ఒడ్డుకు వచ్చారు.

రెండో సంగతి ఇసుక. ఈ తీరంలో ఇసుక కూర్చోదు. నైరుతి గాలుల కాలంలో అలలు దాన్ని ఉత్తరానికి తోస్తాయి, ఈశాన్య కాలంలో దక్షిణానికి తోస్తాయి. మొత్తం లెక్కలో ఉత్తరానికి పోయేదే ఎక్కువ. అందుకే ఇవాళ రేవు ఉన్నచోట రేపు దిబ్బ ఉంటుంది. ఏటి మూతి ఒక ఏడు తెరుచుకుంటుంది, ఇంకో ఏడు పూడిపోతుంది. ఇక్కడి రేవుల తఖ్దీర్ సగం రాజుల చేతిలో ఉంటే సగం ఈ ఇసుక చేతిలో ఉంది.

మూడో సంగతి మాట. మన తెలుగువాళ్లు తుఫాను అంటాం. అది అరబ్బీ, ఫార్సీల నుంచి వచ్చిన మాట. లంగరు ఫార్సీ. సరంగు ఫార్సీలోని సర్‌హంగ్. ఖలాసీ కూడా ఆ దారిన వచ్చిందే. మచిలీపట్నాన్ని ఇప్పటికీ బందరు అంటాం. బందర్ అంటే ఫార్సీలో రేవు. ఇంగ్లీషువాళ్ల మాన్సూన్ కూడా అరబ్బీ మౌసిమ్ నుంచి పోర్చుగీసుల నోట పడి వచ్చిందే. ఏ సుల్తానూ హుకుం జారీ చేసి ఈ మాటల్ని మన జాలర్ల నోట పెట్టలేదు. అరబ్బు నాఖుదా, ఇరానీ సౌదాగర్, తెలుగు జాలరి ఒకే పడవలో తడిశారు గనక ఈ మాటలు ఇక్కడ మిగిలాయి. ఇస్లాం ఈ దేశానికి కత్తితోనే వచ్చిందని అనేవాళ్లకు నేను ఇచ్చే జవాబుల్లో ఇది ఒకటి: మీరు రోజూ వాడే తుఫాను అనే మాటను అడగండి, అది ఏ దారిన వచ్చిందో చెబుతుంది.

తూపిలిపాలెం: నది తెచ్చిన ఇసుక

తిరుపతి నుంచి నాయుడుపేట మీదుగా సుమారు వంద కిలోమీటర్లు పోతే వాకాడు మండలంలో తూపిలిపాలెం వస్తుంది. సరుగుడు తోపులు, వాటి వెనక జాలర్ల ఇళ్లు, ఎదురుగా అడ్డం లేని సముందర్. రాళ్లు లేవు, కొండ లేదు. విశాఖ దగ్గర భీమిలి చూసినవాళ్లకు ఇది వేరే రకం తీరమని వెంటనే తెలుస్తుంది. అక్కడ కొండ సముద్రంలోకి దిగుతుంది, పక్కనే ఎర్రమట్టి దిబ్బలు ఉంటాయి. ఇక్కడ నేల తల వంచుకుని సజ్దా చేసినట్టు నీళ్లలో కలుస్తుంది.

ఈ బీచ్‌కు పెద్ద తవారీఖ్ లేదని కొందరు అంటారు. కోట లేదు, శాసనం లేదు. కాని ఈ తీరం వెనకాలే బకింగ్‌హామ్ కాలువ పోతుంది. ఆంధ్రలోని పెదగంజాం నుంచి తమిళనాడులోని మరక్కాణం దాకా, సముద్రానికి సమాంతరంగా తవ్విన ఉప్పునీటి కాలువ అది. 1806లో మద్రాసు దగ్గర కొద్ది దూరంతో మొదలై, ఏళ్ల తరబడి సాగుతూ వచ్చింది. 1876-78 నాటి మహా కహత్‌లో, అంటే ఆకలి కరువులో, కూలికి వచ్చిన జనంతో కొంత భాగం తవ్వించి అప్పటి మద్రాసు గవర్నర్ బకింగ్‌హామ్ డ్యూక్ పేరు పెట్టారు. తవ్వినవాళ్ల పేరు పెట్టలేదు. ఉప్పు, బియ్యం, కట్టెలు, ఎండుచేపలు ఆ కాలువ మీద మద్రాసుకు వెళ్లాయి. రైలు, లారీ వచ్చాక కాలువ పూడింది. ఇప్పుడు చాలా చోట్ల దాన్ని దాటుతున్నామని కూడా తెలియకుండా వంతెన మీద దాటిపోతాం.

దుగరాజపట్నం: చంద్రగిరికి వెళ్లిన దారి

తూపిలిపాలేనికి దక్షిణంగా, అదే వాకాడు మండలంలో దుగరాజపట్నం ఉంది. ఇంగ్లీషువాళ్ల పాత కాగితాల్లో దీని పేరు ఆర్మగాన్. ఆరుముగం ముదలియార్ అనే స్థానికుడు వాళ్లకు మదద్ చేశాడని, అతని పేరు మీదే ఆ పేరు పెట్టారని రివాయత్.

ఇంగ్లీషువాళ్లు ఇక్కడికి ఎందుకు వచ్చారో తెలియాలంటే బందరు కథ కొంచెం చెప్పుకోవాలి. 17వ సదీ మొదట్లో మచిలీపట్నం గోల్కొండ కుతుబ్‌షాహీల పెద్ద బందర్. డచ్చివాళ్లు 1605లో, ఇంగ్లీషువాళ్లు 1611లో అక్కడ కోఠీలు తెరిచారు. కుతుబ్‌షాహీ జహాజులు అక్కడి నుంచి ఎర్రసముద్రం దాకా పోయేవి. వాటిలో కలంకారీ బట్టలు ఉండేవి, హజ్‌కు పోయే ముసాఫిర్లు ఉండేవాళ్లు, మక్కా మదీనాల గరీబుల కోసం బియ్యం మూటలు ఉండేవి. కృష్ణా డెల్టా రైతు పండించిన గింజ హరమ్ దగ్గర ఎవరో ఆకలిగొన్నవాడి కడుపులోకి వెళ్లేది. మన పాఠ్యపుస్తకాల్లో ఈ ముక్క నాకెప్పుడూ కనిపించలేదు.

బందరులో సుల్తాను అధికారులతో ఇంగ్లీషువాళ్లకు పొసగలేదు. సుంకాల గొడవలు, డచ్చివాళ్ల పోటీ. గోల్కొండ హద్దులకు బయట ఒక చోటు వెతుక్కుంటూ 1626లో ఆర్మగాన్‌లో కోఠీ పెట్టారు. రెండేళ్లలో దాని చుట్టూ గోడ కట్టి ఫిరంగులు పెట్టారు. హిందుస్తాన్ నేల మీద ఇంగ్లీషువాళ్లు కోట కట్టుకున్న మొదటి చోటు ఇదేనని చరిత్రకారులు రాశారు. ఆ చోటు మన జిల్లాలో ఒక జాలరి ఊరి పక్కన ఉందని ఎందరికి తెలుసు?

ఈ రేవును ఎంచుకోవడానికి సబబు సముద్రంలోనే ఉంది. ఒడ్డుకు దూరంగా నీళ్ల అడుగున ఒక పెద్ద ఇసుక మేట ఉంది. ఓడవాళ్లు దాన్ని ఇప్పటికీ ఆర్మగాన్ షోల్ అంటారు. బయటి అలలు దాని మీద కొంత విరిగిపోతాయి, దాని వెనక ఓడకు కాస్త పనాహ్ దొరుకుతుంది. అదే మేట తెలియక వచ్చిన ఓడకు గండం కూడా. అందుకే తర్వాతి కాలంలో ఇక్కడ లైట్‌హౌస్ కట్టారు. ఆశ్రయం ఇచ్చేది, ముంచేది ఒకే ఇసుక.

తిజారత్ మాత్రం ఇక్కడ అనుకున్నంత సాగలేదు. మంచి బట్ట మంచి ధరకు దొరకలేదు. 1632లో గోల్కొండ సుల్తాన్ అబ్దుల్లా కుతుబ్‌షా ఇంగ్లీషువాళ్లకు "బంగారు ఫర్మానా" ఇచ్చాడు. ఏడాదికి 500 వరహాలు కడితే తన రేవుల్లో వ్యాపారం చేసుకోవచ్చన్నాడు. వాళ్లు బందరుకు తిరిగి వెళ్లారు. ఆర్మగాన్ చిన్నబోయింది. అప్పుడు అక్కడ పెద్దగా ఉన్న ఫ్రాన్సిస్ డే కొత్త చోటు వెతుకుతూ దక్షిణానికి వెళ్లాడు. 1639 ఆగస్టు 22న దామర్ల వెంకటాద్రి నాయకుడి దగ్గర మద్రాసపట్నంలో కోట కట్టుకునే హక్కు సంపాదించాడు. ఆ నాయకుడికి పైన ఉన్న రాజు ఎవరు? చంద్రగిరి నుంచి పాలిస్తున్న విజయనగర రాజు పెద వెంకటరాయలు. 1640లో ఇంగ్లీషువాళ్లు ఆర్మగాన్ వదిలి మద్రాసు చేరారు. ఆ తర్వాత ఏం జరిగిందో అందరికీ తెలుసు.

తిరుపతి పక్కనున్న చంద్రగిరి కోటకు వెళ్లి రాజమహల్ చూసేవాళ్లు, దుగరాజపట్నం ఒడ్డున నిలబడేవాళ్లు ఈ రెండింటినీ కలిపి చూడరు. మద్రాసు నగరం పుట్టింది ఈ రెండు చోట్ల మధ్యే. పడవ దుగరాజపట్నం నుంచి కదిలింది, రాజ్యాధికారం చంద్రగిరిలో ఉంది. మద్రాసు టంకశాల తర్వాతి రోజుల్లో అచ్చు వేసిన వరహాల్లో "మూడు స్వాముల వరహా" ఒకటి. దాని మీద ఉన్నది ఇద్దరు దేవేరులతో వేంకటేశ్వరుడు. సముద్రం దాటి వచ్చిన కంపెనీకి కూడా ఇక్కడి బజారులో చెల్లాలంటే తిరుమల ముద్ర కావాల్సి వచ్చింది.

ఇంకో చిన్న సంగతి. 1646లో చంద్రగిరి గోల్కొండ చేతికి వచ్చింది. ఆ కర్ణాటక దండయాత్రను నడిపినవాడు మీర్ జుమ్లా. ఇరాన్‌లోని అర్దిస్తాన్‌లో నూనె వ్యాపారి కొడుకుగా పుట్టి, వజ్రాల తిజారత్ చేసుకుంటూ గోల్కొండ చేరి, ఒకప్పుడు బందరులో హవల్దారుగా పనిచేసినవాడు. సొంత జహాజులున్న సిపహ్‌సాలార్. ఈ దండయాత్రను హిందూ ముస్లిం జంగ్‌గా రాసేవాళ్లు ఆ జహాజుల్ని చూడరు. ఆ జంగ్ వెనక ఉన్నది బట్ట, వజ్రం, రేవుల సుంకం. ఖజానా లెక్కకు మజహబ్ తెలియదు.

ఇక మన కాలానికి వస్తే, 2014 రాష్ట్ర విభజన చట్టంలో దుగరాజపట్నం పేరు మళ్లీ వినిపించింది. కేంద్రం ఇక్కడ పెద్ద ఓడరేవు కడుతుందని, మొదటి దశ 2018 చివరికి పూర్తి చేస్తుందని ఆ చట్టంలో రాశారు. శ్రీహరికోట పక్కన రేవు వద్దని అభ్యంతరాలు వచ్చాయి, లాభసాటి కాదన్నారు. చట్టం చెప్పిన గడువు దాటిపోయింది, రేవు రాలేదు. దుగరాజపట్నం వాళ్లకు ఈ ఇంతెజార్ కొత్త కాదు. 1640లో కూడా పెద్దవాళ్లు మాట ఇచ్చి వెళ్లిపోయిన ఊరే అది.

పళవేర్కాడు: పేరున్న సమాధులు, పేరు లేని మనుషులు

ఇంకా దక్షిణానికి పోతే పులికాట్ సరస్సు. చిలికా తర్వాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు. ఎక్కువ భాగం ఆంధ్రలోనే ఉంది. దక్షిణపు కొసన, తమిళనాడులోని తిరువళ్లూరు జిల్లాలో, సరస్సు సముద్రంతో కలిసే చోట పళవేర్కాడు అనే ఊరుంది. మనం పులికాట్ అంటాం. పాత శాసనాల్లో ప్రళయకావేరి. రాష్ట్రం మారినా నీళ్లు ఒకటే, కథ ఒకటే. అందుకే సరిహద్దు దాటి చెబుతున్నాను.

ఈ ఊళ్లో మరక్కాయర్ ముస్లింలు ఉన్నారు. మర్కబ్ అంటే అరబ్బీలో పడవ. మరక్కలం అంటే తమిళంలో కొయ్య ఓడ. పేరు ఏ మాట నుంచి వచ్చిందని పండితులు తగవు పడతారు. ఏ దారిన వచ్చినా చేరేది పడవ దగ్గరికే. తమ బుజుర్గులు హిజ్రత్ చేసి పడవల్లో అరబ్ నేల నుంచి వచ్చారని ఇక్కడి కుటుంబాల రివాయత్. వాళ్లు అరబ్బీ లిపిలో తమిళం రాసుకున్నారు. ఇక్కడి గళ్ల బట్టను మలక్కా దాకా, సుమత్రా దాకా తీసుకెళ్లి లవంగాలు, జాజికాయలు తెచ్చారు. ఇప్పటికీ గళ్ల లుంగీని చాలా చోట్ల పలయకాట్ లుంగీ అంటారు. ఈ ఊరి పేరే అది. మనం ఇంట్లో కట్టుకునే లుంగీకి ఇంత సఫర్ ఉంది.

పోర్చుగీసులు 16వ సదీలో వచ్చి ఈ వ్యాపారంలో తల దూర్చారు. వాళ్ల వెనకే డచ్చివాళ్లు వచ్చారు. 1610లో డచ్చివాళ్లకు ఇక్కడ కోఠీ పెట్టుకోవడానికి ఇజాజత్ ఇచ్చినవాడు విజయనగర రాజు వెంకటపతిరాయలు. తిరుమల గుడి మహాద్వారం దాటగానే కృష్ణదేవరాయల విగ్రహం ఉన్నచోటే చేతులు జోడించి నిలబడిన వెంకటపతిరాయల విగ్రహం ఉంటుంది. రోజూ వేలమంది దాని పక్క నుంచి లైనులో పోతారు. ఆ రాజు నాణేల మీద కూడా వేంకటేశ్వరుడే ఉన్నాడు. 1612లో పోర్చుగీసులు ఆ కోఠీ మీద దాడి చేస్తే, మరుసటి ఏడు అక్కడ ఖిలా లేచింది. పేరు గెల్డ్రియా. 1690లో నాగపట్నానికి మారేదాకా కోరమాండల్ మొత్తానికి డచ్చివాళ్ల సదర్ మకాం ఇదే. ఇక్కడే బారూద్ తయారుచేశారు, ఇక్కడే నాణేలు అచ్చు వేశారు.

ఇక్కడి నుంచే మనుషుల్ని కూడా అమ్మారు.

ఈ ముక్కను దాటవేసి బీచ్ గురించి, ఫ్లెమింగోల గురించి రాయడం తేలిక. నేను దాటవేయలేను. డచ్ కంపెనీకి బటావియాలో, జాజికాయ పండే బందా దీవుల్లో, సిలోన్‌లో పనివాళ్లు కావాలి. బందా దీవుల్లో 1621లో అక్కడి జనాన్ని ఊచకోత కోసి, ఖాళీ అయిన తోటలకు గులాంల కోసం వెతికారు. కోరమాండల్‌లో కరువు వచ్చిన ప్రతిసారీ పులికాట్ రేవులో ఆ బజారు నడిచింది. తల్లిదండ్రులు బిడ్డల్ని, కొందరు తమను తామే గుప్పెడు గింజలకు అమ్ముకున్నారు. మధ్యలో దలాలులు లాభపడ్డారు. ఆ దలాలులందరూ ఫిరంగీలు కాదు, మనవాళ్లూ ఉన్నారు. అలా ఆ ఒడ్డు నుంచి వేలమంది తెలుగు, తమిళ గరీబులు మసూలా పడవెక్కి, దూరంగా నిలబడ్డ జహాజ్ ఎక్కి, మళ్లీ తిరిగి రాలేదు. నేతగాళ్లు ఉన్నారు, రైతుకూలీలు ఉన్నారు. సముద్రం ఒకరికి తిజారత్ అయితే ఇంకొకరికి ఖబర్.

పళవేర్కాడులో ఇప్పుడు గెల్డ్రియా కోట లేదు. మట్టి దిబ్బలు, ముళ్లపొదలు. కాని డచ్చివాళ్ల ఖబరస్తాన్ ఉంది. పురావస్తు శాఖ దాన్ని కాపాడుతోంది. దాని గుమ్మానికి రెండు పక్కలా రాతిలో చెక్కిన అస్థిపంజరాలు కాపలా ఉంటాయి. లోపల గ్రానైట్ పలకల మీద పేర్లు, తేదీలు, వంశాల ముద్రలు. 17వ సదీలో చనిపోయిన ఒక దొర పేరు ఇవాళ కూడా వేలు పెట్టి చదవొచ్చు. ఆ దొర కంపెనీ ఓడెక్కించిన తెలుగు ఆడమనిషి పేరు మాత్రం ఎక్కడా లేదు. కంపెనీ చిట్టాల్లో ఆమె ఒక అంకె. చరిత్రలో బేఇన్‌సాఫీ ఎలా ఉంటుందో చూడాలంటే ఆ ఖబరస్తాన్ గుమ్మంలో అయిదు నిమిషాలు నిలబడితే చాలు.

1825 నాటికి పులికాట్ పూర్తిగా ఇంగ్లీషువాళ్ల చేతికి వచ్చింది. పక్కనే మద్రాసు ఉండగా వాళ్లకు ఈ రేవుతో పనిలేదు. మూతి పూడింది, పెద్ద పడవలు రావడం మానేశాయి. మరక్కాయర్ సౌదాగర్ల పిల్లలు వేరే ఊళ్లు పట్టారు. మసీదులు మిగిలాయి, అజాన్ మిగిలింది, ఉప్పుగాలికి పెళుసెక్కిన పెద్ద ఇళ్లు కొన్ని మిగిలాయి.

రాయదొరువు: మూసుకున్న మూతి

సరస్సు మధ్యలో మన వైపు వేనాడు, ఇరకం లాంటి దీవులున్నాయి. వేనాడులో దర్గా ఉంది. గంధం పండుగకు తడ, సూళ్లూరుపేటల నుంచి హిందువులూ ముస్లింలూ కలిసి పోతారు. ఇరకానికి పడవ మీదే పోవాలి. చలికాలంలో ఈ నీళ్ల మీద ఫ్లెమింగోలు దిగుతాయి. దగ్గర్లోని నేలపట్టులో గూడబాతులు గూళ్లు కడతాయి. సర్కారు పక్షుల పండుగ చేస్తుంది. బాగుంది. కాని పక్షి దిగేది చేప ఉన్నచోటే. చేప ఉండేది సముద్రపు నీళ్లు సరస్సులోకి వచ్చిపోతూ ఉన్నప్పుడే.

వాకాడు వైపు రాయదొరువు దగ్గర సరస్సుకు ఒక ముఖద్వారం ఉంది. ఇసుక దాన్ని పూడ్చేసింది. పోటు నీళ్లు లోపలికి రావు, వాటితో రావలసిన రొయ్య పిల్లలు రావు. ఎండాకాలంలో ఉత్తర భాగం ఎండి పగుళ్లిస్తుంది. అక్కడి జాలర్లు బతుకు కోసం దక్షిణానికి, తమిళనాడు నీళ్లలోకి వల పట్టుకుని పోతే అక్కడి జాలర్లతో తగాదాలు. రెండు వైపులా ఉన్నది గరీబులే. పూడిక తీయాలని ఇక్కడివాళ్లు ఏళ్లుగా అడుగుతున్నారు. ఇది వాళ్ల రోజీరోటీ. 400 ఏళ్ల కిందట ఈ మూతుల కోసం మూడు ఫిరంగీ దేశాలు కొట్టుకున్నాయి. ఇవాళ ఆ మూతిని తెరిపించడానికి జాలరి అర్జీ పట్టుకుని ఆఫీసు గుమ్మంలో నిలబడాలి.

శ్రీహరికోట: తాళం వేసిన సాహిల్

సరస్సుకీ సముద్రానికీ మధ్య పొడుగ్గా పడుకున్న ఇసుక దీవి శ్రీహరికోట. దాదాపు 50 కిలోమీటర్ల తీరం. ఈ నాలుగు చోట్లలో పొడవైన బీచ్ ఇదే. కాని అక్కడ మనం ఇష్టమొచ్చినట్టు తిరగలేం. 1969లో ఈ దీవిని రాకెట్ కేంద్రం కోసం ఎంచుకున్నారు. తూర్పున అంతా నీళ్లే. రాకెట్ విఫలమై పడినా ఊరి మీద పడదు. భూమి పడమర నుంచి తూర్పుకు తిరిగే వేగం కూడా రాకెట్‌కు కలిసొస్తుంది. ఓడలు నిలవలేని ఈ తీరం రాకెట్లకు సరిపోయింది.

దీవి ఖాళీగా లేదు. అక్కడ యానాదులు ఉన్నారు. అడవిలో తేనె, దుంపలు, మూలికలు సేకరించుకుంటూ, సరస్సులో చేపలు పట్టుకుంటూ బతికిన జనం. అంతకుముందే ఇంగ్లీషు జమానాలో ఈ అడవి కట్టెలు మద్రాసు పొయ్యిల్లోకి పోయాయి. రాకెట్ కేంద్రం వచ్చాక వాళ్లు తమ పాత తావుల నుంచి కదలాల్సి వచ్చింది. సైన్స్ కావాలి, దేశానికి రాకెట్లు కావాలి, ఇందులో నాకు రెండో మాట లేదు. అయితే ప్రయోగం జరిగిన ప్రతిసారీ మనం కొట్టే చప్పట్లలో ఒక చప్పట్టు ఆ యానాదులకు కూడా దక్కాలి. నేల ఇచ్చింది వాళ్లు.

1979 ఆగస్టు 10న ఇక్కడి నుంచి ఎగిరిన ఎస్‌ఎల్‌వీ-3 బంగాళాఖాతంలో పడిపోయింది. 1980 జులై 18న అదే ఎస్‌ఎల్‌వీ-3 రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. ఆ రెండు ప్రయోగాలకూ డైరెక్టర్ ఏపీజే అబ్దుల్ కలాం. ఆయన వాలిద్ జైనులాబ్దీన్ మరక్కాయర్ రామేశ్వరంలో పడవ కట్టి, యాత్రికుల్ని ధనుష్కోటికి తీసుకెళ్లి తెచ్చినవాడు. ఆ యాత్రికులు హిందువులు. ఆ పడవను తుఫాను మింగింది. పడవ కట్టిన మరక్కాయర్ కొడుకు, మరక్కాయర్లు ఓడలెక్కిన పులికాట్ సరస్సు పక్కనే, అదే ఇసుక మీద నిలబడి రాకెట్ ఎగరేశాడు. తవారీఖ్ కొన్నిసార్లు ఇలా కూడా ఇన్‌సాఫ్ చేస్తుంది.

ప్రతి ప్రయోగానికి ముందు ఇస్రో పెద్దలు తిరుమల వెళ్లి రాకెట్ నమూనాను స్వామి పాదాల దగ్గర పెట్టి వస్తారు. 2023 జులై 14న చంద్రయాన్-3 ఎగరడానికి ముందు కూడా వెళ్లారు. కొందరు దాన్ని విమర్శిస్తారు, కొందరు మెచ్చుకుంటారు. నాకు మాత్రం అందులో ఒక పాత దారి కనిపిస్తుంది. సముద్రం మీద పని పెట్టుకున్నవాళ్లు కొండ వైపు చూడటం ఇక్కడ వెంకటపతిరాయల కాలం నుంచి ఉన్నదే.

ఎవరి హక్కు?

ఇప్పుడు ఈ తీరం మీద మళ్లీ అందరి నజర్ పడింది. రిసార్టులంటున్నారు, బీచ్ టూరిజం అంటున్నారు, తిరుమలకు వచ్చే యాత్రికుల్ని ఇటు తిప్పుదామంటున్నారు. రావాలి. నలుగురు వస్తే టీకొట్టు నడుస్తుంది, ఆటో నడుస్తుంది, చేపల కూర హోటల్ నడుస్తుంది. ఆ కొట్టు, ఆ హోటల్ ఊరివాళ్లవి అయితేనే ఫాయిదా.

వెళ్లేవాళ్లకు నాదొక గుజారిష్. తూపిలిపాలెంలో ఫొటో దిగండి, తప్పులేదు. అలలకు దగ్గరగా మాత్రం పోకండి, అక్కడ నీటి లాగుడు ఎక్కువ. అక్కడి నుంచి దుగరాజపట్నం వెళ్లి, మద్రాసు నగరం తొలి అడుగు ఇక్కడి నుంచే పడిందని మీ పిల్లలకు చెప్పండి. పళవేర్కాడు పోతే డచ్ ఖబరస్తాన్ చూడండి, తర్వాత బయటికొచ్చి సముద్రం వైపు తిరిగి, పేరు లేకుండా పోయిన ఆ మనుషుల కోసం మీకు తెలిసిన భాషలో ఒక దువా చేయండి. శ్రీహరికోట గేటు దగ్గర యానాదుల్ని తలుచుకోండి.

కోటలు కట్టినవాళ్లు పోయారు, ఫర్మానాలు ఇచ్చినవాళ్లు పోయారు, కంపెనీలు పోయాయి. పొద్దున్నే వల భుజాన వేసుకుని నీళ్లలోకి దిగే జాలరి మాత్రం ఇంకా ఉన్నాడు. ఈ తీరానికి అసలైన వారిస్ అతనే. తిరుపతికి బీచ్ వచ్చిందని సంబరపడే మనం ముందుగా అడగాల్సింది రిసార్ట్ ఎప్పుడు వస్తుందని కాదు, రాయదొరువు మూతి ఎప్పుడు తెరుస్తారని.